నల్లగా ఉన్నంత మాత్రాన చివికినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

వ్యవసాయ పేజీల్లోనూ నర్సరీల ప్రకటనల్లోనూ ఈమధ్య 'పీట్' అన్న మాట విరివిగా కనిపిస్తోంది. కొబ్బరి పొట్టును కోకోపీట్ అంటున్నాం. విదేశాల నుంచి బేళ్లుగా వచ్చే నాచును పీట్ మాస్ అంటున్నాం. చెరువు అడుగున తవ్వి తీసిన నల్లమట్టినీ ఒక్కోసారి పీట్ అనేస్తున్నాం. ఈ మూడింటికీ పెట్టే కొలబద్ద మాత్రం ఒక్కటే: నల్లగా ఉంటే బాగా చివికింది, గోధుమరంగులో ఉంటే ఇంకా పచ్చిగా ఉంది. పశువుల పెంట విషయంలో రైతుకు ఎప్పటి నుంచో అక్కరకొస్తున్న చూపే ఇది. పీట్ దగ్గరికొచ్చేసరికి అందులో సగమే నిలబడుతుంది. చివికేకొద్దీ పీట్ వెలుతురును తక్కువగా తిప్పికొడుతుందన్నది ఖాయం. కానీ తడి, నలుగుడు, గాలి తగిలిన సమయం, కలిసిన బొగ్గు, సున్నం కూడా రంగును అటూఇటూ మారుస్తాయి. వీటిని విడదీసి చూడకుండా రంగు మీదే ధర కట్టడం, రంగు మీదే నారు పోయడం నష్టం తెస్తున్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు అసలు పీట్ ఏమిటో చెప్పుకోవాలి. నీరు నిలిచి, గాలి ఆడని చోట మొక్కలు చచ్చిపోతే అవి పూర్తిగా కుళ్లవు. సగం చివికి పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఏడాదికి ఒక మిల్లీమీటరు, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. ప్రపంచ భూభాగంలో సుమారు 3 శాతం ఇలాంటి నేలే. ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు, ఐర్లండ్, కెనడా, సైబీరియాల్లో ఇది ఎక్కువగా స్ఫాగ్నం అనే నాచు నుంచి పుట్టింది. ఇండోనేసియాలో చిత్తడి అడవుల కలప నుంచి పుట్టింది. మనకు దగ్గర్లో చూడాలంటే నీలగిరుల్లో ఊటీ చుట్టుపక్కల లోయలకు వెళ్లాలి. అక్కడి పీట్ పొరల్లోని కార్బన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులను) చదివి పర్యావరణ శాస్త్రవేత్త రామన్ సుకుమార్ బృందం 1993లో దక్షిణ భారతపు గత 20 వేల ఏళ్ల వాతావరణాన్ని వెలికితీసింది. కొబ్బరి పొట్టు ఈ కోవలోకి రాదు. అది కాయ డొక్క నుంచి పీచు తీయగా మిగిలిన పొట్టు. దాని సంగతి చివర్లో చెబుతాం.

స్ఫాగ్నం నాచు పోగు ఒకటి ఎండబెట్టి భూతద్దం కింద పెట్టండి. దాదాపు తెల్లగా కనిపిస్తుంది. దాని ఆకులో రెండు రకాల కణాలుంటాయి. సన్నటి పచ్చ కణాలు కొన్ని; వాటి మధ్య చిల్లులున్న పెద్ద ఖాళీ కణాలు. ఆ ఖాళీల వల్లే ఈ నాచు తన బరువుకు 20 రెట్ల దాకా నీళ్లు పట్టుకోగలదు. ఎండినప్పుడు వాటి నిండా గాలి ఉంటుంది. వెలుతురు గోడకు తగిలి, గాలిలోకి వచ్చి, మళ్లీ గోడకు తగిలి, లోపలే వందసార్లు మళ్లి బయటికి వచ్చేస్తుంది. పటికబెల్లం గడ్డ అద్దంలా ఉంటుంది గానీ నూరితే తెల్లటి పొడి అవుతుంది కదా, అదే సంగతి. అంటే పచ్చి పీట్ లేతరంగులో సగం దాని కట్టడంలోనే ఉంది, పదార్థంలో కాదు.

చివకడం మొదలయ్యాక రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. సూక్ష్మజీవులు ముందుగా తినేది చక్కెరలను, హెమీసెల్యులోజును, సెల్యులోజును. ఇవన్నీ రంగులేనివి. అవి పోతుంటే కణాల గోడలు కూలి ఖాళీలు మూసుకుపోతాయి, వెలుతురును చెదరగొట్టే గాలి గదులు మాయమవుతాయి. రెండోది, తినడానికి లొంగని ఫినాలు, వాటి నుంచి తయారైన హ్యూమిక్ పదార్థాలు మిగిలిపోతాయి. మందుల కొట్లో సీసాల్లో అమ్మే నల్లటి హ్యూమిక్ యాసిడ్ ఈ జాతిదే. ఈ అణువులు నీలం వెలుతురును గట్టిగా పీల్చుకుంటాయి, ఆకుపచ్చను కొంత తక్కువగా, ఎరుపును ఇంకా తక్కువగా. మిగిలి బయటికొచ్చే వెలుతురు మన కంటికి గోధుమరంగు. చివుకు ముదిరేకొద్దీ ఆ పీల్చుకోవడం ఎరుపులోకి, దాని అవతల కంటికి కనపడని పరారుణంలోకి పాకుతుంది. ఎరుపు కూడా తప్పించుకోలేని దశలో మనం దాన్ని నలుపు అంటున్నాం.

కంటికి కనపడే భాగంలో కన్నా పరారుణంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పెద్దగా చివకని పీచు పీట్‌ను ఎండబెట్టి, అది తిప్పికొట్టే వెలుతురును 350 నుంచి 2500 నానోమీటర్ల అలపొడవు దాకా కొలిచి గీత గీస్తే, ఆ గీత కనపడే వెలుతురులో మెల్లగా లేచి, 700 దాటాక నిట్టనిలువుగా ఎక్కి, 1300 దాకా ఎత్తులోనే ఉంటుంది. ఎండుటాకు గీతను పోలి ఉంటుంది. పూర్తిగా చివికిన పీట్ గీత అడుగునే పాకుతుంది, 1300 దాకా సట్టిలా లోపలికి వంగి ఉంటుంది. 2100 దగ్గర సెల్యులోజు వల్ల పడే చిన్న గుంట పీచు పీట్‌లో స్పష్టంగా ఉంటుంది, చివికేకొద్దీ పూడిపోతుంది. చివుకును తెలుసుకోవడానికి మాకు నలుపు కన్నా నమ్మకమైన గుర్తు ఈ గుంట పూడటమే. 2000, 2200 దగ్గరి విలువల సగటు నుంచి 2100 దగ్గరి విలువను తీసేస్తే గుంట లోతు అంకెల్లో వస్తుంది.

ఇక మోసం చేసేవి. అన్నిటికన్నా పెద్దది తడి. పంచె తడిస్తే రంగు ముదురుతుంది, కానీ పంచె చివకలేదు. గాలికీ పీచు గోడకూ మధ్య వెలుతురు వంగే తేడా ఎక్కువ. నీళ్లకూ గోడకూ మధ్య తక్కువ. ఖాళీల్లో గాలి బదులు నీళ్లు చేరితే వెలుతురు చెదరకుండా లోలోపలికి పోతుంది, పోయినంత దూరం పీల్చుకోబడుతుంది. అందుకే తడి పచ్చి పీట్, ఎండిన చివికిన పీట్ పక్కపక్కన పెడితే ఫొటోలో రెండూ ఒకేలా కనిపించొచ్చు. పైగా నీళ్లకు 1450, 1940 దగ్గర లోతైన గుంటలున్నాయి. 1940 గుంట అంచు 2100 మీదికి పరుచుకుని ఇందాక చెప్పిన సెల్యులోజు గుర్తును మింగేస్తుంది. తేమ ఎంతో రాయకుండా రంగు రాస్తే ఆ రాత పనికిరాదు.

రెండోది గాలి. నీటి కింద నుంచి అప్పుడే కోసిన పీట్ పసుపు కలిసిన లేత గోధుమరంగులో ఉండి, గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ముదురుతుంది. ఆ కాసేపట్లో చివికింది ఏమీ లేదు, ఆక్సిజన్ తగిలి రంగు మారిందంతే. అందుకే పొరల రంగును తవ్విన వెంటనే రాసుకోవాలి, సంచిలో వేసి ఊరికి తెచ్చాక కాదు.

మూడోది నలుగుడు, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే పీట్‌ను మెత్తగా దంచితే ఎండు పొడి లేతగా కనిపిస్తుంది, ఎందుకంటే రేణువు చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువ సార్లు చెదురుతుంది. ముతక పీచులో నీడలు పడి ముదురుగా కనిపిస్తుంది. ఒకరు 2 మిల్లీమీటర్ల జల్లెడ, మరొకరు అర మిల్లీమీటరు జల్లెడ పట్టి అంకెలు పోల్చుకుంటే ఆ తేడా జల్లెడది, పీట్‌ది కాదు.

పరికరం లేనివారికి చేతి పరీక్ష ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ 1922లో పెట్టిన ఈ కొలత హెచ్1 నుంచి హెచ్10 దాకా ఉంటుంది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. తడి పీట్ గుప్పెడు తీసుకుని గట్టిగా పిండాలి. చూడాల్సినవి రెండు: వేళ్ల మధ్య నుంచి కారే నీళ్ల రంగు, నీళ్లతో పాటు జారే పీట్ ఎంత. తేట నీళ్లు వస్తే హెచ్1. లేత పసుపు గోధుమ నీళ్లు హెచ్2. బురద నీళ్లు వచ్చి పీట్ ఏమీ జారకపోతే హెచ్3, హెచ్4. రెండోదానిలో నీళ్లు మరీ చిక్కగా ఉంటాయి, గుప్పిట్లో మిగిలింది కాస్త జావలా ఉంటుంది. కొంచెం పీట్ జారితే హెచ్5, మూడో వంతు జారితే హెచ్6, సగం జారితే హెచ్7, మూడింట రెండు వంతులు జారితే హెచ్8. దాదాపు అంతా జారితే హెచ్9. నీళ్లు విడిగా రాకుండా మొత్తం పీట్ ముద్దగా వేళ్ల సందుల్లోంచి వచ్చేస్తే హెచ్10.

ఇది నేలలో ఉన్న తడి పీట్ కోసం పెట్టిన కొలత. బస్తాలోది పరీక్షించాలంటే రాత్రంతా నానబెట్టాలి. ఒకసారి గట్టిగా ఎండిపోయిన నల్ల పీట్ ఎంత నానబెట్టినా పూర్తిగా మెత్తబడదు, జారాల్సినంత జారదు, అసలు కన్నా తక్కువ అంకె చూపిస్తుంది. అలాంటప్పుడు పీచు పరీక్ష తోడు చేసుకోవాలి. చిటికెడు పీట్‌ను తడిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య పదిసార్లు గట్టిగా నలపాలి. 0.15 మిల్లీమీటర్ల జల్లెడ మీద కడిగి, మిగిలిన పీచు మొదటి పరిమాణంలో ఎంతో చూడాలి. 40 శాతం దాటితే పీచు పీట్, సుమారు 17 శాతం లోపైతే పూర్తిగా చివికింది, మధ్యలోది మధ్యరకం.

చిన్న ప్రయోగశాల ఉన్నవారు క్షారంతో చూడొచ్చు. ఎండబెట్టి పొడి చేసిన పీట్ 0.2 గ్రాములు, 8 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 100 మిల్లీలీటర్లు గాజు బీకరులో పోసి గంటసేపు సన్నసెగ మీద కాచాలి. వడగట్టి, అన్ని నమూనాలనూ ఒకే లెక్కన పలచన చేసి, 540 నానోమీటర్ల దగ్గర ఎంత వెలుతురు పీల్చుకుంటోందో చదవాలి. అంకె ఎక్కువైతే చివుకు ఎక్కువ. అల్యూమినియం గిన్నె వాడొద్దు, కాస్టిక్ సోడా దాన్ని తినేస్తుంది. కళ్లద్దాలు, చేతొడుగులు తప్పనిసరి. ఆ రంగు నిలిచి ఉండేది కాదు, గంటలు గడిచేకొద్దీ వెలుస్తుంది. ఒక నమూనా పొద్దున, ఇంకొకటి సాయంత్రం చదివితే పోలిక చెడుతుంది. ఈ పద్ధతికి ఇంకో లోపం కూడా ఉంది. వేడి క్షారం చివకని మొక్క భాగాల నుంచీ కొంత గోధుమరంగు లాగుతుంది, అది ఎంత అన్నది మొక్కను బట్టి ఉంటుంది. నాచు పీట్‌ను నాచు పీట్‌తోనే పోల్చాలి, తుంగ జాతి పీట్‌తో కాదు.

నలుపు చేసే మోసాలు ఇంకో రెండున్నాయి, వాటిలో మొదటిది క్షార పరీక్షతో తేలిపోతుంది. పీట్ నేలలు తగలబడినప్పుడు కలిసిన బొగ్గు పొడి వెలుతురును అన్ని రంగుల్లోనూ సమానంగా మింగేస్తుంది, గీత చూస్తే పూర్తిగా చివికిన పీట్‌లానే ఉంటుంది. కానీ బొగ్గు క్షారంలో కరగదు. మట్టి నల్లగా ఉండి వడగట్టిన నీళ్లు లేతగా వస్తే బొగ్గును అనుమానించాలి. ఇక సముద్రతీర చిత్తడి బురద సంగతి. మడ అడవుల్లో కుళ్లిన కోడిగుడ్డు వాసనతో ఉండే బురద నలుపు చాలావరకు ఇనుము సల్ఫైడుది. అరచేతి మందాన గాలికి పరిస్తే ఆక్సిజన్ తగిలి బూడిదరంగుకో గోధుమకో తిరుగుతుంది. హ్యూమిక్ నలుపు అలా వెలిసిపోదు. కేరళ కుట్టనాడులో 'కరి' నేలలన్న పేరే నలుపు నుంచి వచ్చింది. వాటిలో సగం చివికిన కలపతో పాటు ఇనుము, గంధకం కలిసిన పైరైటు అనే ఖనిజం కూడా ఉంటుంది, ఎండితే గంధకామ్లం పుట్టి పైరును చంపుతుంది. అలాంటి మట్టిని నల్లగా ఉంది కదా అని కుండీల్లోకి ఎత్తితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వెలుతురును అలపొడవుల వారీగా చదివే స్పెక్ట్రోమీటరుతో కొలిచే విద్యార్థులు వ్యవసాయ, భూగర్భ శాస్త్ర విభాగాల్లో పెరుగుతున్నారు, వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాం. నమూనాను 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టొద్దు. తేమ శాతం కట్టడానికి ఆ వేడి సరే, రంగు కోసమైతే ఆ వేడే పీట్‌ను మాడ్చి ముదురు చేస్తుంది. 40 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, లోపల నల్లరంగు పూసిన గిన్నెలో కనీసం 2 సెంటీమీటర్ల మందాన పోయండి. పలచగా పోస్తే గిన్నె అడుగు కూడా కొలతలో కలుస్తుంది. పైభాగాన్ని గాజుపలక అంచుతో సాఫు చేయాలి గానీ అదమకూడదు. అదిమితే పీచులు పడుకుని మెరుపు వస్తుంది. హాలోజన్ దీపం, పరికరం రెండూ అరగంట ముందే వేసి ఉంచాలి. దీపం 45 డిగ్రీల వాలులో, చూసే కన్ను నిలువుగా ఉండాలి. తెల్లటి ప్రమాణ ఫలకాన్ని 10 నిమిషాలకోసారి మళ్లీ చదవాలి. గిన్నెను పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చదువులు తీసి సగటు కట్టాలి, లేకపోతే పీచులు పడుకున్న దిక్కును బట్టి అంకె మారుతుంది.

తడి నమూనా కొలిచేటప్పుడు దీపం వేడికి పైపొర నిమిషాల్లో ఆరిపోతుంది, 1450, 1940 గుంటలు మీ కళ్లముందే పూడుతుంటాయి. చదివిన వెంటనే గిన్నెను తూచి ఆ బరువుతోనే తేమ కట్టాలి, పొద్దున తూచిన బరువుతో కాదు. నల్ల పీట్ తిప్పికొట్టే వెలుతురు అతి తక్కువ కాబట్టి గదిలోని ట్యూబ్‌లైటు, తెల్ల చొక్కా మీద పడి మళ్లిన వెలుతురు కూడా కొలతను పాడుచేస్తాయి. నల్ల కోటు వేసుకుని చీకటి గదిలో చేయడం చాదస్తం కాదు. గీతలో 1000, 1800 దగ్గర చిన్న మెట్టు కనిపిస్తే అది పీట్ గుణం అనుకోవద్దు, చాలా పరికరాల్లో వెలుతురును పట్టే మూడు గ్రాహకాలు చదివిన ముక్కలు అక్కడ అతుక్కుంటాయి. ఆఖరుగా, 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి బూడిద ఎంత మిగిలిందో చూసుకోండి. ఇసుక కలిస్తే గీత మొత్తం పైకి లేస్తుంది, బంకమన్ను కలిస్తే 2200 దగ్గర గుంట పడుతుంది, ఇనుప తుప్పు ఉంటే 900 దగ్గర. ఈ మూడూ చివుకుకు సంబంధం లేనివి.

ఉపగ్రహం విషయం క్లుప్తంగానే చెప్పాలి. పైనుంచి కనిపించేది పీట్ పైపొరలో కొన్ని మిల్లీమీటర్లే, కింద పది అడుగుల్లో ఏముందో అది చెప్పదు. 1450, 1940 దగ్గర గాలిలోని ఆవిరి వెలుతురంతా మింగేస్తుంది కాబట్టి ఆ అలపొడవుల పట్టీలు పనికిరావు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో 10 మీటర్ల వివరంతో వచ్చే 665, 842 పట్టీలను, 20 మీటర్లతో వచ్చే 1610, 2190 పట్టీలను కలిపి తడిని, చివుకును విడదీసే ప్రయత్నం చేస్తారు. ఇంతకన్నా సన్నటి పట్టీల్లో చూసే పనికే మన శ్రీహరికోట నుంచి 2018 నవంబరు 29న హైసిస్ ఉపగ్రహం వెళ్లింది. ఇక్కడా కన్ను పొరబడే చోటు ఉంది. నీటిమట్టం దిగితే బతికున్న స్ఫాగ్నం ఆరి తెల్లబడుతుంది, చిత్రంలో ఆ చోటు ప్రకాశంగా కనిపిస్తుంది. ప్రకాశంగా ఉంది కాబట్టి తాజాగా, ఆరోగ్యంగా ఉందనుకుంటే పూర్తిగా తలకిందులైన మాట అవుతుంది.

ఇక నర్సరీల సంగతి. యూరప్ వ్యాపారంలో పీట్‌ను రంగుతోనే పిలుస్తారు: వైట్ పీట్, బ్లాక్ పీట్. వైట్ అంటే హెచ్2 నుంచి హెచ్4 దాకా ఉన్న లేత గోధుమ పీచు పీట్, గాలి బాగా ఆడుతుంది. బ్లాక్ అంటే బాగా చివికింది. దాన్ని తవ్వి చలికాలమంతా ఆరుబయట పరిచి పూర్తిగా గడ్డకట్టనిస్తారు. లోపలి నీరు మంచై ఉబ్బి సందులు తెరుస్తుంది. అలా గడ్డకట్టకుండా ఎండితే అది పిడకలా బిగుసుకుపోయి మళ్లీ నీళ్లు పీల్చదు. ఈ రెండు సరుకులూ కంటికి ఒకేలాంటి నలుపే, ట్రేలో మాత్రం పూర్తిగా వేరు. గుప్పెడు ఆరనిచ్చి దాని మీద నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిచిపోతే ఆ సరుకు నారుకు పనికిరాదు. పరలైటు (వేడికి ఉబ్బించిన తెల్లటి రాతి గింజలు), సున్నం కలిపిన మిశ్రమాల్లో తెల్ల గింజల వల్ల రంగు ఇంకా లేతగా కనిపిస్తుంది, వాటిని రంగుతో అంచనా వేయడమే తప్పు.

కడియం, కోనసీమల్లో దొరికే కొబ్బరి పొట్టుకు ఈ కొలతలేవీ నేరుగా వర్తించవు. దానిలో లిగ్నిన్ ఎక్కువ, మొదటి రోజు నుంచే గోధుమరంగు. దాన్ని చివికించే పద్ధతి తెలిసిందే: టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, పుట్టగొడుగు జాతి ప్లూరోటస్ శిలీంధ్రం పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా నెలకు పైగా ఉంచడం. అప్పుడు కార్బన్, నత్రజని నిష్పత్తి సుమారు 112 నుంచి 24కు దిగుతుంది, రంగు నల్లబడుతుంది. కానీ వానకు తడిసి మూల పడి ఉన్న పొట్టు కూడా నల్లగానే ఉంటుంది. దానికి నిష్పత్తి దిగలేదు, మొక్కకు అందాల్సిన నత్రజనిని అదే లాక్కుంటుంది, నారు పసుపుబారుతుంది. ఈ రెండింటి నుంచీ ఒక్కో గుప్పెడు తీసి నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పక్కపక్కన పెట్టి చూడండి. తడి నలుపు అప్పటికి గోధుమలోకి తిరిగి వచ్చేస్తుంది.

మీ వ్యవసాయ పేజీకి మా విన్నపం: కొబ్బరి పొట్టును కొబ్బరి పొట్టు అనే రాయండి, పీట్ అన్న మాటను పీట్‌కే ఉంచండి. రంగు చెప్పిన ప్రతిచోటా తడిదా, ఎండుదా అన్నది కూడా రాయండి. బేళ్లు కొనే నర్సరీ రైతులు అమ్మేవారిని నాలుగే అడగాలి: హెచ్ ఎంత, తేమ శాతం ఎంత, ఏ జల్లెడ పట్టారు, నల్ల పీట్ అయితే చలికి గడ్డకట్టించారా లేదా. ఈ నాలుగూ కాగితం మీద రాసిచ్చాకే ధర మాట్లాడాలి.

ఇట్లు,
నేల, పీట్ నమూనాల పరీక్షల్లో పనిచేస్తున్న కొందరు,
రాజమహేంద్రవరం